విమాన వాహక నౌక పెద్దదా, సరుకుల ఓడ పెద్దదా? అసలు ఏ టన్నుతో కొలుస్తున్నాం?

చుక్కాని:

"ప్రపంచంలో అతి పెద్ద ఓడలు విమాన వాహక నౌకలే" అన్న మాట పదే పదే కనబడుతోంది. దాన్ని ఖండించడానికి ఎవరో ఒకరు ఈ పట్టిక పెడతారు: అమెరికా విమాన వాహక నౌక జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ 1 లక్ష టన్నులు, కంటైనర్ ఓడ ఎవర్ గివెన్ 2.2 లక్షల టన్నులు, చమురు ట్యాంకరు సీవైజ్ జెయింట్ 5.64 లక్షల టన్నులు. సరుకుల ఓడలే పెద్దవి అన్న తీర్పుతో నాకు పేచీ లేదు. పట్టికే తప్పు. అందులో ఉన్నవి మూడు వేరు వేరు కొలతలు.

మొదటిది డిస్‌ప్లేస్‌మెంట్: ఓడ పక్కకు తోసేసిన నీటి బరువు, అంటే సామానుతో సహా ఓడ మొత్తం బరువు. రెండోది గ్రాస్ టన్నేజ్. పేరులో టన్ను ఉన్నా అది బరువు కాదు, ఓడ లోపలి ఘనపరిమాణం నుంచి సూత్రంతో తీసిన అంకె. మూడోది డెడ్‌వెయిట్: ఓడ మోయగల సరుకు, ఇంధనం, మంచినీళ్లు, సిబ్బంది అన్నీ కలిపిన బరువు. అందులో ఓడ ఇనుము ఒక్క కిలో కూడా లేదు.

నిండుగా ఉన్నప్పటి డిస్‌ప్లేస్‌మెంట్ ఒక్కటే తీసుకుంటే లెక్క ఇలా వస్తుంది. ఫోర్డ్, నిమిట్జ్ తరగతుల అమెరికా విమాన వాహక నౌకలు సుమారు 1 లక్ష లాంగ్ టన్నులు. లాంగ్ టన్ను 1,016 కిలోలు గనక మెట్రిక్‌లో అది 1,01,600 టన్నులు. ఎవర్ గివెన్ సుమారు 2.65 లక్షల టన్నులు. టీఐ తరగతి ట్యాంకర్లు (2002, 2003లో వచ్చినవి) 5.09 లక్షలు. సీవైజ్ జెయింట్ 6.57 లక్షలు. తేడా పట్టికలో కనబడిన దానికంటే పెద్దదే. అయినా తప్పు కొలతతో సరైన జవాబు రావడం నాకు నచ్చదు, రేపు ఇంకో జత ఓడల దగ్గర అదే కొలత మోసం చేస్తుంది.

లంగరు:

చుక్కాని గారూ, కొలతల గురించి మీరు చెప్పింది నిజం. కానీ నిండు డిస్‌ప్లేస్‌మెంట్ కూడా న్యాయమైన కొలత కాదు. నిండు బిందెను తూచి, బిందె ఇంత బరువని చెప్పినట్టుంది. టీఐ ట్యాంకరు 5.09 లక్షల టన్నుల్లో 4.41 లక్షల దాకా డెడ్‌వెయిట్, అందులో దాదాపు అంతా చమురే. చమురు ఓడలో భాగం కాదు, రేవులో దిగిపోతుంది.

లైట్‌షిప్, అంటే ఖాళీ ఓడ బరువు చూడండి. టీఐ తరగతి సుమారు 67,600 టన్నులు. సీవైజ్ జెయింట్ సుమారు 83,200 టన్నులు. ఇప్పుడు విమాన వాహక నౌకలోంచి దించగలిగినవన్నీ దించుదాం. నిమిట్జ్ తరగతిలో విమాన ఇంధనం దాదాపు 30 లక్షల అమెరికన్ గ్యాలన్లు, అంటే 9,000 టన్నుల పైచిలుకు. విమానాలన్నీ కలిపినా రెండు వేల టన్నులు దాటవు. బాంబులు, తిండి సరుకులు, విడిభాగాలు కలుపుకొని ధారాళంగా 20,000 టన్నులు తీసేసినా ఇంకా 80 వేల టన్నుల పైన మిగులుతుంది. అంటే కట్టిన వస్తువుగా చూస్తే నిమిట్జ్ టీఐ ట్యాంకరు కంటే బరువైనది, సీవైజ్ జెయింట్‌కు ఇంచుమించు సాటి. యార్డులో పనివాళ్లు కోసి, వంచి, అతికిన లోహం ఏ ఓడలో ఎక్కువ ఉందన్నదే నాకు అసలు ప్రశ్న.

వెన్నుదూలం:

లంగరు గారి వాదన ఇక్కడ వచ్చినవాటిలో బలమైనది, అందుకే కాస్త వివరంగా జవాబిస్తాను.

ట్యాంకరు లైట్‌షిప్ బరువుతో ఎప్పుడూ సముద్రం మీద నడవదు. అలా వదిలేస్తే ప్రొపెల్లర్ సగం గాలిలో తిరుగుతుంది, ముందుభాగం అలల మీద దబదబా పడి అడుగు పలకలు సొట్టలు పోతాయి. అందుకే చమురు దించగానే ప్రత్యేక ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుతారు, అదే బాలస్ట్. ఎంత నింపాలో మార్పోల్ (ఓడల వల్ల సముద్ర కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం) చెబుతుంది: ఓడ నడుమ మునిగే లోతు కనీసం 2 మీటర్లు + ఓడ పొడవులో 0.02 వంతు ఉండాలి, ప్రొపెల్లర్ పూర్తిగా నీళ్లలో ఉండాలి, వెనక్కి వాలు పొడవులో 0.015 వంతు మించకూడదు.

టీఐ తరగతికి లెక్క వేద్దాం. లంబరేఖల మధ్య పొడవు 366 మీటర్లు. 2 + 7.32 = 9.32 మీటర్లు. వెడల్పు 68 మీటర్లు. 366 × 68 × 9.32 చేస్తే సుమారు 2.32 లక్షల ఘనపు మీటర్ల పెట్టె. ట్యాంకరు ఒళ్లు దాదాపు పెట్టె ఆకారమే గనక 0.75 గుణకం పెడదాం, తక్కువే పెడుతున్నాను. దాన్ని ఉప్పునీటి సాంద్రత 1.025తో గుణిస్తే సుమారు 1.78 లక్షల టన్నులు. అంటే ఒక్క చుక్క చమురు లేకుండా, నియమం ఒప్పుకున్న కనీస లోతులో వెళ్తున్న ట్యాంకరు కూడా నిండు విమాన వాహక నౌక కంటే ముప్పావు వంతు ఎక్కువ నీటిని తోస్తుంది.

బాలస్ట్ కూడా సరుకులాంటిదే కదా అంటారేమో. కాదు. ఆ నీళ్లు లేకపోతే ఆ ఓడ ఓడగా పనిచేయదు.

ఇక ఇనుము బరువు పెద్దతనానికి గుర్తు ఎందుకు కాదో చూడండి. విమాన వాహక నౌకలో కవచం, రియాక్టర్ రక్షణ గోడలు, ప్రొపెల్లర్లను తిప్పే నాలుగు షాఫ్టుల యంత్రాలు, మందమైన డెక్ ఉంటాయి. తక్కువ చోటులో ఎక్కువ బరువు. ఇనప గుండు దూదిమూట కంటే బరువైనది, అంతమాత్రాన పెద్దది కాదు.

తెడ్డు:

ఫోటోల వల్ల వచ్చే భ్రమ గురించి ఒక మాట. ఫోర్డ్ ఫ్లైట్ డెక్ (విమానాలు లేచి దిగే పైతలం) వెడల్పు 78 మీటర్లు. ఎవర్ గివెన్ 58.8, సీవైజ్ జెయింట్ దాదాపు 69. ముందు నుంచి తీసిన ఫోటోలో విమాన వాహక నౌక అందరికంటే భారీగా అనిపించేది ఇందుకే. కానీ నీటిమట్టం దగ్గర దాని వెడల్పు 41 మీటర్లే. మిగతాదంతా రెండు పక్కలా గాల్లోకి చాచిన రెక్కలు.

పొడవులో ఫోర్డ్ 337 మీటర్లు. యుద్ధనౌకల్లో అన్నింటికంటే పొడవైన పాత ఎంటర్‌ప్రైజ్ 342. ఎవర్ గివెన్ 400, సీవైజ్ జెయింట్ 458. పై నుంచి కనబడే విస్తీర్ణంలో కూడా నౌకాదళం గెలవదు. ఫ్లైట్ డెక్ నాలుగున్నర ఎకరాలంటారు, అంటే సుమారు 18,200 చదరపు మీటర్లు. ఎవర్ గివెన్‌కు పొడవును వెడల్పుతో గుణిస్తే 23,500 వస్తుంది, ముక్కు దగ్గర సన్నబడే భాగం తీసేసినా ఫ్లైట్ డెక్ కంటే ఎక్కువే.

లంగరు:

బాలస్ట్ లెక్క ఒప్పుకుంటున్నాను, ఆ నియమం నేను పరిగణనలోకి తీసుకోలేదు. అయితే బరువు వదిలేసి లోపలి చోటు చూద్దాం. విమాన వాహక నౌకలో హ్యాంగర్ (విమానాలు నిలిపే చోటు), వర్క్‌షాపులు, నాలుగైదు వేల మందికి పడకలు, ఆసుపత్రి, ఆయుధాగారాలు. కంటైనర్ ఓడలో పాతికమంది, మిగతాదంతా పెట్టెలు. గ్రాస్ టన్నేజ్‌లో పోల్చగలమా?

వెన్నుదూలం:

నేరుగా పోల్చలేం. గ్రాస్ టన్నేజ్‌ను నిర్వచించిన 1969 ఒప్పందం (అమల్లోకి వచ్చింది 1982లో) యుద్ధనౌకలకు వర్తించదు. ఎవరైనా ఫోర్డ్‌కు గ్రాస్ టన్నేజ్ అంకె రాస్తే అనుమానించండి, అది బహుశా డిస్‌ప్లేస్‌మెంట్ అంకెకు వేసిన వేరే పేరు.

కానీ ఘనపరిమాణానికి పైహద్దు కట్టొచ్చు. సూత్రం ఇది: మూసి ఉన్న చోటు మొత్తం V ఘనపు మీటర్లయితే, గ్రాస్ టన్నేజ్ = V × (0.2 + 0.02 × లాగ్ V), లాగ్ పదో ఆధారంతో. ఎవర్ గివెన్ 2.2 లక్షలకు వెనక్కి లెక్కిస్తే V సుమారు 7 లక్షల ఘనపు మీటర్లు. ఇందులో డెక్ పైన పేర్చిన కంటైనర్ల చోటు లేదని గుర్తుంచుకోండి, అవి బయట ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు నిమిట్జ్. నీటిమట్టం దగ్గర పొడవు 317 మీటర్లు, వెడల్పు 41, కీల్ (ఓడ అడుగు) నుంచి ఫ్లైట్ డెక్ దాకా ఎత్తు 32 అనుకుందాం. కోణాలు చెక్కని పెట్టెలా కట్టినా 4.2 లక్షలు దాటదు. అసలు ఒళ్లు ముందూ వెనకా బాగా సన్నబడుతుంది గనక ఇంకా తక్కువే. పక్క రెక్కల్లోని గదులు, ఐలండ్ (డెక్ మీది గోపురం) కలిపినా 7 లక్షల దరిదాపులకు రాదు. నిండా మనుషులుండే ఓడే కావాలంటే ఐకాన్ ఆఫ్ ది సీస్ ఉంది: 2,48,663 గ్రాస్ టన్నేజ్, 365 మీటర్లు.

నీటిగీత:

ఒక సందేహం. విమాన వాహక నౌకలు పనామా కాలువలో పట్టవు, 366 మీటర్ల కంటైనర్ ఓడలు పడతాయి. మరి ఏది పెద్దది?

చుక్కాని:

పట్టకపోవడానికి కారణం రెక్కలే. 2016లో తెరిచిన కొత్త లాక్‌ల (నీళ్లు నింపి, తీసి ఓడను ఎత్తి దించే ఏర్పాటు) గది 427 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు, 18.3 మీటర్ల లోతు. 41 మీటర్ల ఒళ్లు, 12 మీటర్ల లోతు అందులో హాయిగా పడతాయి. 77, 78 మీటర్ల ఫ్లైట్ డెక్ మాత్రం గోడలు దాటి రెండు పక్కలా బయటికి చాచుకుంటుంది, అక్కడ దీపస్తంభాలు, భవనాలు ఉన్నాయి. పైగా పసిఫిక్ కొసన ఉన్న వంతెన కింద ఎత్తు హద్దు 57.91 మీటర్లు. అందుకే 2004లో రొనాల్డ్ రీగన్ అనే విమాన వాహక నౌక దక్షిణ అమెరికా చుట్టూ తిరిగి పసిఫిక్ తీరానికి చేరింది.

సూయెజ్‌లో దీనికి తలకిందులు. అక్కడ లాక్‌లు లేవు. 12.2 మీటర్ల లోతు దాకా మునిగే ఓడకు 77.5 మీటర్ల వెడల్పు ఒప్పుకుంటారు, 50 మీటర్ల వెడల్పు దాకా ఉన్న ఓడకు 20.1 మీటర్ల లోతు. విమాన వాహక నౌకలు అక్కడ మామూలుగా వెళ్తాయి. 24.6 మీటర్లు మునిగే నిండు సీవైజ్ జెయింట్‌కు దారే ఉండేది కాదు. కాబట్టి కాలువలు పెద్దతనాన్ని కొలవవు, ఏ వైపు ఉబ్బిందో చెబుతాయి.

నీటిగీత:

అలాగైతే పెద్ద ట్యాంకరు కొని పైన చదునైన డెక్ వేస్తే చవకలో ఇంకా పెద్ద విమాన వాహక నౌక వస్తుంది కదా? ఎవరూ ఎందుకు చేయరు?

వెన్నుదూలం:

మొదటి అడ్డంకి వేగం. విమానం లేవాలన్నా దిగాలన్నా డెక్ మీద ఎదురుగాలి కావాలి, గాలి లేని రోజు ఆ గాలిని ఓడే పుట్టించుకోవాలి. నిమిట్జ్ 30 నాట్ల (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) పైన పోతుంది, టీఐ ట్యాంకరు 16 దరిదాపుల్లో. ఆ 14 నాట్లు తగ్గితే అదే విమానం తక్కువ ఇంధనంతోనో తక్కువ బాంబులతోనో లేవాలి, దిగేటప్పుడు విమానాన్ని పట్టి ఆపే అరెస్టర్ తీగల మీద అంత ఎక్కువ వేగంతో పడాలి.

ట్యాంకరును 30 నాట్లకు తేగలమా? దాని ఇంజను సుమారు 37 మెగావాట్లు. కావలసిన శక్తి స్థూలంగా వేగపు ఘనంతో పెరుగుతుంది: 30ని 16తో భాగిస్తే 1.875, దాని ఘనం 6.6. అంటే 244 మెగావాట్లు. నిమిట్జ్ నాలుగు షాఫ్టులకూ కలిపి 194 మెగావాట్లే (2,60,000 హార్స్‌పవర్). ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ ఘనసూత్రం మొద్దు ముక్కు ఓడకు 30 నాట్ల దాకా నిలవదు. ఒళ్లు దాని చుట్టూ గీసిన పెట్టెలో ఎంత నింపుతుందో చెప్పే గుణకం టీఐకి 0.8 దాటుతుంది, నిమిట్జ్‌కు కొలతల నుంచి కడితే 0.64 ప్రాంతం. అంత మొద్దు ఆకారాన్ని వేగంగా తోస్తే శక్తంతా ముందు అలను లేపడానికే పోతుంది. 244 కూడా చాలదు.

రెండోది ఊపు. ఖాళీ ట్యాంకరు నీటి మీద మరీ గట్టిగా నిలబడుతుంది. వినడానికి మంచిదే, కానీ అలాంటి ఓడ అలకు పక్కకు ఒరిగి వెంటనే చటుక్కున వెనక్కి వస్తుంది. దిగుతున్న పైలట్‌కు అది ప్రమాదం, కట్టేసిన విమానాల గొలుసులకూ కష్టం. నెమ్మదిగా ఊగాలంటే బరువును పైకి తేవాలి, అంటే లోపల కొత్తగా అంతస్తులు కట్టాలి. అప్పుడు చవక ఎక్కడిది?

లంగరు:

మూడోది నేను కలుపుతాను. పెద్ద ట్యాంకరులో సరుకు ట్యాంకులు సాధారణంగా పదిహేను, మిగులు చమురుకు ఇంకో రెండు. నిండుగా ఉన్నప్పుడు అదే దాని బలం: చమురు నీటికంటే తేలిక, చిల్లు పడినా బయటి నీళ్లు కొంతే లోపలికి వస్తాయి. 1988లో ఇరాక్ దాడిలో సీవైజ్ జెయింట్ తగలబడి లోతులేని నీళ్లలో కూలబడినా, తర్వాత పైకి తేల్చి బాగుచేసి 1991లో మళ్లీ నడిపారు. కానీ చమురు స్థానంలో విమానాలు పెడితే ఆ పదిహేను గదులూ ఖాళీ. ఒక్క టార్పెడోకు తెరుచుకునే గది ఒక్కోటి వేల ఘనపు మీటర్లు. విమాన వాహక నౌకను వందల గదులుగా అడ్డగోడలతో చీల్చింది ఇందుకే, నేను మొదట చెప్పిన ఇనుము బరువులో పెద్ద పాలు ఆ గోడలదే. పెద్దది ఏదన్న విషయంలో మీ లెక్కలు ఒప్పుకున్నాను. కట్టడానికి కష్టమైనది ఏదంటే నా మాట మారదు.

చుక్కాని:

అందులో నాకూ పేచీ లేదు. నీటిగీత గారూ, "ఎవరూ చేయరు" అన్నది మాత్రం సరికాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 19 సరుకుల ఓడల మీద ఫ్లైట్ డెక్ వేసింది, 6 ధాన్యపు ఓడలు, 13 ట్యాంకర్లు. మొదటిది 1943లో వచ్చిన ఎంపైర్ మెకాల్పైన్. ధాన్యపు ఓడల్లో చిన్న హ్యాంగర్, లిఫ్ట్, నాలుగు విమానాలు. ట్యాంకర్లలో హ్యాంగర్ లేదు, మూడు విమానాలు డెక్ మీదే ఎండకూ వానకూ నిలిచేవి. సరుకు రవాణా ఆగలేదు, ధాన్యమూ చమురూ యథావిధిగా వెళ్లాయి. వేగం 12 నాట్ల ప్రాంతం. అది చాలింది, ఎందుకంటే ఎక్కించినవి స్వోర్డ్‌ఫిష్‌లు, నెమ్మదిగా ఎగిరే రెండంతస్తుల రెక్కల విమానాలు.