ఎంఆర్ఐ నార్మల్, కానీ పార్కిన్సన్స్ అన్నారు. కనెక్టివిటీ స్కాన్ చేయించాలా?

శ్రీలత
నాన్నగారికి కుడి చెయ్యి వణుకుతోంది. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం లేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి బాగా అవస్థ పడుతున్నారు. న్యూరాలజిస్ట్ చూసి పార్కిన్సన్స్ అన్నారు. ఎంఆర్ఐ రిపోర్టులో మాత్రం ఏ తేడా లేదని ఉంది. ఈ జబ్బులో మెదడు భాగాల మధ్య కనెక్టివిటీ మారుతుందని, అది స్కాన్‌లో తెలుస్తుందని చదివాను. చేయించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

మూర్తి
నా ఎంఆర్ఐ కూడా నార్మలేనమ్మా. మామూలు ఎంఆర్ఐ తీయించేది స్ట్రోక్, గడ్డ, మెదడులో నీరు చేరడం లాంటివి లేవని తేల్చుకోవడానికి. మెదడు లోపల సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమైన్ (కదలికలకి కావలసిన రసాయనం) తయారుచేసే కణాలు చాలావరకు పోయినా అందులో ఏమీ కనిపించకపోవచ్చు. నిర్ధారణ డాక్టరు చూసి చేసేదే: కదలికలు నెమ్మదించాలి, దానికి తోడు వణుకో బిగుతో ఉండాలి.

కిరణ్
మా అమ్మకి అది ఎసెన్షియల్ ట్రెమరా (పార్కిన్సన్స్ కాని వేరే వణుకు జబ్బు), పార్కిన్సన్సా అన్నది తేలక డాట్ స్కాన్ చేయించారు. మెదడులో డోపమైన్ కణాల కొసలు ఎంత మిగిలాయో అందులో తెలుస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చి, కొన్ని గంటలు ఆగి తీస్తారు. జబ్బు లేనివాళ్లకి రెండు వైపులా కామా ఆకారంలో వెలుగు కనిపిస్తుంది. అమ్మకి ఎడమవైపు తోక పోయి చుక్క మాత్రమే మిగిలింది, వణుకు కుడి చేతికి. ఆ తోక పుటామెన్ (కదలికలకి సంబంధించిన లోపలి మెదడు భాగం) వెనక భాగమని, డోపమైన్ ముందు తగ్గేది అక్కడేనని డాక్టరు చూపించారు. అయితే పార్కిన్సన్స్‌లా కనిపించే ఎంఎస్ఏ, పీఎస్‌పీ లాంటి వేరే జబ్బుల్లోనూ ఇది తేడాగానే వస్తుంది. మీ డాక్టరుకి సందేహం లేకపోతే దీని అవసరం ఉండకపోవచ్చు.

అనుపమ
నేను ఎంఆర్ఐ పరిశోధనలో పనిచేస్తాను. మీరు చదివింది రెస్టింగ్ స్టేట్ ఎఫ్ఎంఆర్ఐ గురించి అయి ఉంటుంది. మనిషి ఏ పనీ చేయకుండా పడుకుని ఉంటే, రక్తంలో ఆక్సిజన్ హెచ్చుతగ్గులను బట్టి ఏ భాగాలు కలిసి పనిచేస్తున్నాయో చూస్తారు. విశ్రాంతిలో కూడా ఈ పొత్తు ఉంటుందని 1995లో బిస్వాల్ బృందం చూపించింది.

పార్కిన్సన్స్‌లో పుటామెన్ వెనక భాగానికీ, కదలికలు నడిపే కార్టెక్స్‌కీ (మెదడు పై పొర) మధ్య సంబంధం సడలుతుంది. కొన్ని అధ్యయనాల్లో పుటామెన్ ముందు భాగానికి కార్టెక్స్‌లో కొన్ని చోట్లతో సంబంధం పెరిగింది. మెదడు ఇలా సర్దుకుంటోందని ఒక వివరణ, నాకూ అది సబబుగానే అనిపిస్తుంది. లెవోడోపా (మెదడులో డోపమైన్‌గా మారే పార్కిన్సన్స్ మందు) వేసుకున్నాక ఈ మార్పుల్లో కొన్ని మామూలు స్థితి వైపు జరుగుతాయి. వణుకులో మాత్రం చిన్నమెదడు, థాలమస్ (మెదడు మధ్యలో సంకేతాలు అందించే భాగం), మోటార్ కార్టెక్స్ (కదలికలు నడిపే పై పొర) కలిసిన వేరే వలయానికి పెద్ద పాత్ర ఉంది. బిగుతు తగ్గించిన మందు కొందరిలో వణుకుని అంతగా తగ్గించకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇవన్నీ చాలామంది స్కాన్లను కలిపి, సగటు తీస్తే బయటపడినవి. ఒక్కరి స్కాన్ చూసి చెప్పడం కష్టం. తల కాస్త కదిలినా, కునుకు పట్టినా లెక్కలు మారిపోతాయి, పైగా ఇది వణుకు ఉన్న జబ్బు. నిర్ధారణ కోసమైతే చేయించకండి.

శ్రీలత
చాలా థాంక్స్ అనుపమగారూ. మరి రోజువారీ జీవితంలో ఈ కనెక్టివిటీ పరిశోధనవల్ల ఉపయోగం ఏమైనా ఉందా?

మూర్తి
నాకు గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. ఫిజియోథెరపిస్ట్ చెబితే అక్కడ అడ్డంగా రంగు టేపు అంటించాం. గీత దాటాలనుకుంటే చాలు, అడుగు పడుతుంది!

అనుపమ
నడక దానంతటదే సాగడానికి బేసల్ గాంగ్లియా (పుటామెన్ ఉన్న లోపలి మెదడు భాగాల గుంపు) కావాలి. కంటి ముందు గీత ఉంటే మెదడు చూపు ఆధారంగా నడిచే వేరే దారిని వాడుకోగలదు.

కిరణ్
శ్రీలతగారూ, ఇంకో విషయం. నాన్నగారు వాంతులకి మెటోక్లోప్రమైడ్ లాంటివి గానీ, మానసిక సమస్యలకి మందులు గానీ వాడుతున్నారా? వాటిలో కొన్ని అచ్చం ఇవే లక్షణాలు తెస్తాయి. వాటివల్లే వచ్చిన లక్షణాలైతే డాట్ స్కాన్ సాధారణంగా నార్మల్‌గానే ఉంటుంది. సొంతంగా ఏదీ ఆపకండి, వాడుతున్న మందులన్నీ డాక్టరుకి చూపించండి.

శ్రీలత
కడుపులో తిప్పుతోందని ఏదో మాత్ర వేసుకుంటున్నారు. పేరు చూసి, ఈరోజే డాక్టరుకి ఫోన్ చేస్తాను.