తుంటి కీలు మార్చాక లేచినప్పుడల్లా లోపల 'టక్' మంటోంది, కాలికి బలం రావడం లేదు

కావలి టైలర్:
నమస్కారమండీ. నాకు 54 ఏళ్లు. కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో కుట్టు షాపు. ఎడమ తుంటిలో బంతి ఎముకకు రక్తం అందక చచ్చుబడిందని నెల్లూరులో కీలు మొత్తం మార్చారు. ఈ బుధవారానికి 11 వారాలు. పాత నొప్పి పోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. రెండేళ్లు రాత్రంతా పక్క మీద దొర్లినవాణ్ణి, ఇప్పుడు తెల్లారేదాకా నిద్ర పడుతోంది.

బాధల్లా శబ్దంతోనే. అరగంట మిషన్ ముందు కూర్చుని లేస్తే లోపల 'టక్' మంటుంది. బాబిన్ కేసు లోపల సరిగ్గా కూర్చున్నప్పుడు వస్తుందే, అచ్చం అదే. నొప్పేమీ ఉండదు. మొన్న మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి విని "ఏం పడిందయ్యా?" అంది. మిషన్ శబ్దం విని ఎక్కడ వదులైందో చెప్పేవాణ్ణి, నా ఒంట్లో శబ్దం మాత్రం అంతు చిక్కడం లేదు. బోల్టేదన్నా జారిందేమోనని టెన్షన్.

ఇంకోటి, బలం. పొద్దున బాగానే నడుస్తా. సాయంత్రానికి ఎడమ కాలి మీద బరువు పడగానే ఒళ్లు అటు ఒరిగిపోతోంది. మా మనవడు నా వెనకే అట్టా నడిచి చూపిస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైగా ఆ కాలు పొడుగైనట్టుంది. ప్యాంటుకు తీసినట్టు లోపలి కొలత తీస్తే ముప్పాతిక అంగుళం తేడా వచ్చింది. కుడి చెప్పులో అట్టముక్క పెట్టుకుందామా అనుకుంటున్నా.

దాచకుండా చెప్తా. డిశ్చార్జి రోజు ఇచ్చిన వ్యాయామాల కాగితం జిరాక్సుకు జిరాక్సు, బొమ్మలన్నీ నల్లగా ఉన్నాయి, చెప్పేవాళ్లు లేరు. రెండు వారాలు తోచింది చేసి మానేశా. కర్ర కూడా నెల కిందటే మూలన పెట్టా. కుంటివాడికి గుడ్డలిస్తే టైముకి ఇస్తాడా అనుకుంటారని.

సింగరాయకొండ టీచరమ్మ:
అన్నా, నాకు కుడి తుంటి మార్చి నాలుగేళ్లు. నాకూ మొదటి మూడు నెలలు టక్కుటక్కుమనేది, తర్వాత దానంతటదే తగ్గింది. రెండో ఏట మాత్రం కొత్త శబ్దం మొదలైంది. మెట్లెక్కితే నూనె లేని తలుపు బందులాగా 'కిర్ర్' అని. ఒక శనివారం మాలకొండకు పోయాం, మెట్ల మీద నా వెనక వస్తున్నావిడ తన చెప్పులనుకుని విప్పి చూసుకుంది. డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి అంతా కుదురుగానే ఉందన్నారు. నాకు వేసిన బంతీ, అది కూర్చునే గిన్నే రెండూ సిరామిక్‌వి, వాటికి కొందరిలో ఆ కిర్రు ఉంటుందట. మీ ఫైల్లో కీలు స్టిక్కర్లు అంటించి ఉంటాయి, మీకేం వేశారో అందులో చూడండి.

ఒంగోలు ఫిజియో:
చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరు చూస్తే శబ్దం కన్నా కర్ర వదిలేయడమే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

నొప్పి లేని 'టక్' ఈ దశలో చాలామందికి ఉంటుంది. తుంటి పక్కనో ముందో ఉండే నరంలాంటి పట్టీ ఎముక మీద నుంచి జారినప్పుడు వస్తుంది. లేదా చుట్టూ కండ వదులుగా ఉంటే బంతి గిన్నెలోంచి వెంట్రుకవాసి ఎడమై మళ్లీ కూర్చున్నప్పుడూ వస్తుంది. కండ బలపడే కొద్దీ రెండూ చాలామందికి తగ్గుతాయి. కానీ శబ్దంతో పాటు ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, కాలు పొట్టిదైనా, పాదం తిరిగిపోయినా, కాలు మోపలేకపోయినా ఇక్కడ రాస్తూ కూర్చోవద్దు, బండెక్కి ఆసుపత్రికి పోండి. జ్వరం, కుట్ల దగ్గర రసి, పిక్క వాపు, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే.

ఇక ఆ ఒరగడం. నడుం పక్కన, జేబు ఉండే చోటికి కాస్త వెనక, ఒక కండ ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుం రెండో వైపుకి జారిపోకుండా పట్టుకునేది అదే. మీరు రెండేళ్లు కుంటినప్పుడే అది ఎండిపోయి ఉంటుంది. ఆపరేషన్‌ పక్కనుంచి చేసుంటే దాన్ని కొంత విడదీసి మళ్లీ కుడతారు కూడా. మీ షాపులో ట్రయల్ రూమ్ అద్దం ఉంటుంది కదా? బెల్టు పెట్టుకుని, ఎవరినైనా పక్కన ఉంచుకుని, ఎడమ కాలి మీద నిలబడి బెల్టు గీత చూడండి. కుడివైపు దిగిపోతే ఆ కండ ఇంకా చాలలేదన్నట్టు.

దానికి పని పెట్టాలి. కుడివైపు పడుకుని, కాళ్ల మధ్య దిండు పెట్టుకుని, ఎడమ కాలు మోకాలు వంచకుండా చాచి, వేళ్లు ముందుకే ఉంచి, కొంచెం పైకెత్తి 5 లెక్కపెట్టి దించాలి. పదిసార్లు, పూటకొకసారి. కాలు ముందుకు జారిందంటే వేరే కండ పని దొంగిలిస్తోందన్నమాట. మొదలుపెట్టే ముందు మీ సర్జన్ను ఒక్కటే అడగండి: వెనకనుంచి చేశారా, పక్కనుంచా, కాలు పక్కకు ఎత్తొచ్చా అని. బలం పూర్తిగా రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది.

అట్టముక్క అప్పుడే వద్దు. ప్యాంటు కొలత దీనికి పనికిరాదు. నడుం ముందర తగిలే ఎముక మొన నుంచి లోపలి చీలమండ దాకా, పడుకోబెట్టి కొలవాలి. నడుం వంకరగా ఉన్నన్నాళ్లూ సమానంగా ఉన్న కాలు కూడా పొడుగ్గా అనిపిస్తుంది.

ఇంతకీ కర్ర ఏ చేత్తో పట్టుకునేవాళ్లు?

కావలి టైలర్:
ఎడమ చేత్తోనేనండీ, ఆపరేషన్ కాలు అటే కదా.

ట్రయల్ రూమ్‌లో చూశా. మా కుర్రాడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ కాలి మీద నిలబడగానే బెల్టు కుడివైపు రెండు వేళ్లు దిగింది. కుడి కాలి మీద నిలబడితే గీత గీసినట్టుంది. ఇంకెవరిదన్నా అయితే కటింగ్ తేడా అనుకునేవాణ్ణి. సర్జన్ గారి దగ్గరికి సోమవారం పోతా. ఒక సందేహం, బాబిన్ కింద పడితే వంగి తీసుకోవచ్చా?

ఒంగోలు ఫిజియో:
కర్ర కుడి చేతిలో ఉండాలి. ఎడమ అడుగుతో పాటు కర్ర పడాలి. ఎటు నొప్పో అటు పట్టుకుంటే ఒరగడం ఇంకా పెరుగుతుంది. డాక్టరు సరే అనేదాకా వంగి తీయొద్దు. మీ స్టూలు కూడా ఎత్తు పెంచండి, మోకాలి కన్నా తుంటి పైన ఉండాలి.

సింగరాయకొండ టీచరమ్మ:
బాబిన్‌కి పాత స్పీకర్ అయస్కాంతం పురికొసకు కట్టుకోండన్నా. మా ఇంట్లో సూదులకు అదే.

కావలి టైలర్:
అయస్కాంతం ఉంది. కుడి చేతిలో కర్ర ఉంటే మరి పొద్దున షాపు షట్టరు ఎట్టా ఎత్తేది?

ఒంగోలు ఫిజియో:
షట్టరా? ఇన్నాళ్లూ మీరే వంగి ఎత్తుతున్నారా? ఆ తాళం ఇవాళే కుర్రాడి చేతికి ఇచ్చేయండి.