జెల్‌లో మూడు బ్యాండ్లు వచ్చాయి, రెండని రాయాలా మూడని రాయాలా?

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా, మందస వైపు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో గర్భిణులకు సోకిన ఫాల్సిపారం మలేరియా పరాన్నజీవిలో జన్యుపరంగా ఎన్ని రకాలున్నాయో చూస్తున్నాను.

వేలి రక్తం చుక్కలు ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టి (ఈ వానల్లో ఆరితేగా! పైగా చీమలకు కాపలా), రకాన్ని బట్టి పొడవు మారే ఎంఎస్పీ2 అనే పరాన్నజీవి జన్యువుకి పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు కాపీలు తీయడం) చేసి, జెల్‌లో పొడవును బట్టి గీతలుగా (బ్యాండ్లు) విడదీశాను. తొలిచూలు అమ్మాయి ఒకరి శాంపిల్‌లో ఈ జన్యువుకున్న రెండు కుటుంబాల్లో ఎఫ్‌సీ27కి ఒక బ్యాండ్, 3డీ7కి రెండు వచ్చాయి. మన రక్తంలో ఉన్నంతసేపు ఈ పరాన్నజీవిలో ప్రతి క్రోమోజోమూ ఒక్కటే ఉంటుంది కదా, ఒక్కో రకానికి ఒక్క బ్యాండే రావాలి, అంటే కనీసం మూడు రకాలు కలిసి సోకినట్టే అని నా లెక్క. మా సీనియరేమో "కుటుంబాలు రెండే, రెండని రాసేయ్" అంటున్నాడు. నాకు మింగుడు పడట్లేదు. ఎవరు కరెక్ట్? ఆ రెండు 3డీ7 బ్యాండ్లూ బాగా దగ్గరగా ఉన్నాయి, పీసీఆర్ మళ్ళీ చేసి చూడమంటారా?

ఇంకొకటి. వీఏఆర్2సీఎస్ఏ అనే ప్రోటీన్ ఉన్న పరాన్నజీవులు మావికి (ప్లాసెంటాకి) అతుక్కుని అక్కడే దాక్కుంటాయి, వేలి రక్తంలో దొరక్కపోవచ్చు. మరి మావి రక్తం లేకుండా నా లెక్క నిలబడుతుందా? వాళ్ళ కాన్పులకు ఇంకా మూడు నెలలుంది, నా గడువు వచ్చే నెలే. ఈ పని చేసినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.