వచ్చిన పనిని వద్దని చెప్పేవారే నమ్మదగిన సలహాదారులా?

కూకట్‌పల్లి డిజైనర్: హిమాయత్‌నగర్‌లో మిఠాయి దుకాణం నడిపే ఒకరు మొబైల్ యాప్ చేసిపెట్టమని అడిగారు. కొనేవారంతా చుట్టుపక్కలవారే కనుక, 500 వస్తువుల వరకు పెట్టుకోగల వాట్సాప్ బిజినెస్ కేటలాగ్ చాలునని, ఆ డబ్బుతో మంచి ఫొటోలు తీయించుకోమని చెప్పాను. ఆయన మెచ్చుకుని, యాప్ పనిని మరొకరికి అప్పగించారు. అయినా ఫ్రీలాన్సర్ సలహాదారుగా నిలబడాలంటే ఇలాగే చెప్పాలని నా అభిప్రాయం.

చార్మినార్ కోడర్: అడిగింది చేసి బిల్లు పంపడమే మన పని. పాత ఆర్డర్ల చరిత్ర, డెలివరీ లెక్క ఆ కేటలాగ్‌లో ఎక్కడున్నాయి?

కూకట్‌పల్లి డిజైనర్: ఆయనకు అవి అక్కరలేదు. గూగుల్ ప్లేలో ఒకసారి కట్టే 25 డాలర్లతో యాప్ ఖర్చు తీరదు; ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి, ఆండ్రాయిడ్ మారినప్పుడల్లా సవరణలు చేయించుకోవాలి.

చార్మినార్ కోడర్: డెలివరీ లెక్క గురించి మీరింకా చెప్పలేదు.

నల్లకుంట పాఠకుడు: కేటలాగ్ సంగతి చాలించండి, దయచేసి.

చార్మినార్ కోడర్: సరే, అసలు సంగతే చెబుతాను. ఒక కోచింగ్ సంస్థకు ఏ సర్వర్ చాలునో, విద్యార్థుల వివరాలు ఎలా భద్రపరచాలో వివరంగా రాసిచ్చాను. ఆ కాగితాన్నే చూపించి, నాకంటే తక్కువ అడిగిన వారితో పని చేయించుకున్నారు.

కూకట్‌పల్లి డిజైనర్: ఉచితంగా ఇచ్చిన దానికి ఎవరు విలువ ఇస్తారు?

చార్మినార్ కోడర్: మరి ఆ మిఠాయి యజమాని దగ్గర మీరెంత పుచ్చుకున్నారండీ? పని వదులుకున్నా ఇల్లు గడిచేవారు నీతులు చెప్పడం తేలిక. మా ఇంటి అద్దె నా ఒక్కడి సంపాదన మీదే నడుస్తోంది.

పద్దుల పుస్తకం: సలహాకు విడిగా రుసుము రాయించుకోండి. ఉద్యమ్ నమోదు (ప్రభుత్వం దగ్గర చిన్న వ్యాపారంగా నమోదు) ఉన్నవారికి, చిన్న వ్యాపారాల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా, 45 రోజుల్లోపు చెల్లించాలి.

చార్మినార్ కోడర్: చట్టం చూపించినవారిని ఏ క్లయింటూ రెండోసారి పిలవరు.

కూకట్‌పల్లి డిజైనర్: అందుకే రుసుము ముందే తీసుకుని, తరువాత పని మనకే వస్తే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించాలి.

చార్మినార్ కోడర్: అప్పుడు పని చేయించుకోమని చెప్పడంలోనే మనకు లాభం ఉంటుంది కదా! యాప్ వద్దని చెప్పినా, కావాలని చెప్పినా సలహాకు ఒకే రుసుము ఉండాలి, ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. అలా ఇచ్చే క్లయింటును హైదరాబాద్‌లో చూపించండి, మరుసటి రోజే నేనూ సలహాదారునవుతాను.

కూకట్‌పల్లి డిజైనర్: అలా అడిగి చూసిన ఫ్రీలాన్సర్లు ఎందరున్నారో ముందు చెప్పండి.