50 జి దగ్గర మట్టికట్ట ఊట పరీక్ష: నీళ్లా, చిక్కటి ద్రవమా? ఫిల్టర్ సంగతేంటి?

కట్టమట్టి (ప్రశ్న):
బీమ్ సెంట్రిఫ్యూజ్‌లో (పొడవాటి చేయి చివర పెట్టెను తిప్పి, గురుత్వాన్ని ఎన్నో రెట్లు పెంచే యంత్రం) ఒక మట్టికట్ట నమూనా పెట్టాలి. అసలు కట్ట ఎత్తు 7 మీటర్లు, తల వెడల్పు 3 మీటర్లు, రెండు వైపులా వాలు 2:1. నీటి మట్టం 5.5 మీటర్లు. 50 జి (భూమి గురుత్వానికి 50 రెట్లు) అనుకుంటున్నాం కాబట్టి నమూనా 140 మి.మీ. ఎత్తు, 620 మి.మీ. అడుగు. పెట్టె లోపలి కొలత 800 × 300 మి.మీ. వాలు చివర దాకా నీళ్లు నిలవడానికి ఎగువన 120 మి.మీ., దిగువన 60 మి.మీ. ఖాళీ. ప్రభావ వ్యాసార్ధం 2 మీటర్లు. మట్టి సిల్టు కలిసిన ఇసుక, డి50 (బరువులో సగం మట్టి ఇంతకంటే సన్నం) 0.15 మి.మీ., పర్మియబిలిటీ (మట్టి నీటిని వదిలే వేగం) సెకనుకు 2×10⁻⁵ మీటర్లు. మధ్యలో 1 మీటరు మందం నిలువు ఫిల్టర్.

సందేహాలు ఇవి. ఊట కాలానికి ఎన్² వాడాలా, ఎన్ వాడాలా (ఎన్ అంటే గురుత్వం పెంచిన రెట్లు, ఇక్కడ 50)? పోర్ ఫ్లూయిడ్‌గా (మట్టి సందుల్లో నింపే ద్రవం) నీటిని చిక్కబరిచే మిథైల్ సెల్యులోజ్ కలపమని కొందరంటున్నారు, అవసరమా? స్థిర ఊట వచ్చాక మూడు రోజుల్లో 4 మీటర్ల నీరు దించాలి, అది ఎలా? ఆఖరుగా, ఇదే నమూనాలో ఫిల్టర్ పూడుకుపోవడం కూడా చూడొచ్చా?

ఊటగీత:
ముందు కాలం లెక్క. మీ పరీక్షలో కంపనం లేదు కాబట్టి నీళ్లే వాడండి. పొడవులు ఎన్ రెట్లు తగ్గుతాయి, ఊట వేగం ఎన్ రెట్లు పెరుగుతుంది, కాబట్టి కాలం ఎన్² రెట్లు కుదించుకుపోతుంది. మామూలు లెక్కలో స్థిర ఊటకు నాలుగు నెలలు, అంటే 2,880 గంటలు పడుతుందనుకుంటే, 2,500తో భాగిస్తే నమూనాలో గంటా తొమ్మిది నిమిషాలు. అదే నీటికి 50 రెట్లు చిక్కటి ద్రవం పోస్తే ఊట వేగం అసలు కట్టలో ఉన్నంతే అవుతుంది, కాలం ఎన్ రెట్లే తగ్గుతుంది. అంటే దాదాపు 58 గంటలు యంత్రం ఆగకుండా తిరగాలి. ఆ ద్రవం భూకంప పరీక్షల కోసం. అక్కడ కంపన కాలం ఎన్ రెట్లు, ఊట కాలం ఎన్² రెట్లు తగ్గి ఒకదానికొకటి పొసగవు. రెంటినీ కలపడానికి చిక్కదనం పెంచుతారు. మీ దగ్గర ఆ గొడవే లేదు.

చూడాల్సింది రేనాల్డ్స్ సంఖ్య. ఇది 1 దాటనంత వరకు ఊట నిదానంగా, సుడులు లేకుండా సాగుతుంది. గ్రేడియంట్ (ఊట దారిలో మీటరుకు తగ్గే నీటి మట్టం) 0.4 అనుకుంటే అసలు కట్టలో వేగం సెకనుకు 8×10⁻⁶ మీటర్లు, రేనాల్డ్స్ 0.0012. నమూనాలో 0.06. కట్ట వరకు డార్సీ నియమం (ఊట వేగం గ్రేడియంట్‌కు అనులోమం) నిశ్చింతగా పనిచేస్తుంది. ఫిల్టర్‌లో గింజ 1 మి.మీ. ఉంటే 0.4 దాకా వస్తుంది, ఇంకా ఫర్వాలేదు. ఫిల్టర్ నీరంతా దిగువ డ్రెయిన్‌లోకి ఒక్కచోట ముడుచుకునే దగ్గర మాత్రం 1 దాటే అవకాశం ఉంది. అక్కడి కొలతను జాగ్రత్తగా చదవండి.

పెట్టె మొత్తం నుంచి వచ్చే ఊట (నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు) అసలు కొలతకు మార్చేటప్పుడు ఎన్‌తోనే గుణించాలి, ఎన్²తో కాదు. వేగం ఎన్ రెట్లు పెరిగి, వైశాల్యం ఎన్² రెట్లు తగ్గింది కదా. నివేదికల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే.

చక్రం150:
అందరూ కాలం మీదే పడ్డారు గానీ, ఈ నమూనాను ముందు చెడగొట్టేది నీటి ఉపరితలం వంపు. తిరిగే పెట్టెలో నీళ్లు చదునుగా నిలవవు, ఇరుసు నుంచి ఒకే దూరంలో ఉండే వంపు పట్టుకుంటాయి. 800 మి.మీ. పొడవు భ్రమణ దిశలో ఉంటే, చివరి గోడ దగ్గర నీరు మధ్య కంటే దాదాపు 40 మి.మీ. పైకెక్కి కనిపిస్తుంది. అక్కడ చదునైన అడుగున పెట్టిన పోర్ ప్రెషర్ సెన్సర్ (మట్టి సందుల్లోని నీటి ఒత్తిడి కొలిచేది) 110 మి.మీ.కి 54 కిలోపాస్కల్ చూపాల్సింది, 70 దాటుతుంది. సెన్సర్ చెడిపోయిందని దాన్ని మార్చేస్తారు, తప్పు దానిది కాదు.

చదునైన అడుగు ఆ క్షేత్రంలో మధ్యలో ఉబ్బిన దిబ్బలాంటిది. దిగువ పాదం పెట్టె మధ్య నుంచి 340 మి.మీ. దూరంలో ఉంది కాబట్టి 28 మి.మీ., అంటే అసలు కొలతలో 1.4 మీటర్లు కిందికి పడినట్టు. కట్ట లోపలి ఊటగీత (ఊట నీటి పైమట్టపు రేఖ) ఉన్నదానికంటే ఎక్కువగా వాలుతుంది. వీలైతే పెట్టె పొడవు ఇరుసుకు సమాంతరంగా పెట్టండి, వంపు 300 మి.మీ. వెడల్పుకే పరిమితమవుతుంది. వీలు కాకపోతే అడుగును, కట్ట తలను అదే వ్యాసార్ధంతో వంచి కట్టండి. రెండూ కుదరకపోతే వంపును సంఖ్యా నమూనాలో పెట్టి పోల్చడం తప్ప దారి లేదు.

వేగం: 2 మీటర్ల వ్యాసార్ధానికి 50 జి అంటే నిమిషానికి దాదాపు 150 చుట్లు. ఆ 2 మీటర్లు ఇరుసు నుంచి, కట్ట తలకు ఎత్తులో మూడో వంతు కింద ఉన్న చోటు దాకా కొలవండి. ఒక్కసారిగా 50కి ఎక్కకండి. 10, 20, 35, 50 దగ్గర ఆగి, ప్రతి మెట్టులో సెన్సర్లు నిలకడ పట్టాకే ముందుకు వెళ్లండి.

కట్టమట్టి:
వంపు గురించి అసలు ఆలోచించలేదు. పెట్టె తిప్పి పెట్టగలం. నీటిని దించడం, మట్టిని తడపడం గురించి కూడా చెప్పండి.

ఊటగీత:
మూడు రోజులు అంటే 72 గంటలు, నమూనాలో 104 సెకన్లు. దించాల్సింది 80 మి.మీ. ఎగువ వాలుతో కలిపి నీటి పొడవు సగటున 260 మి.మీ., కాబట్టి సుమారు 6 లీటర్లు, సెకనుకు 60 మిల్లీలీటర్లు. అడుగున నీరు బయటికి పోయే రంధ్రం మీద సగటు నీటి ఎత్తు 70 మి.మీ. అనుకుంటే 50 జి దగ్గర వేగం సెకనుకు 8 మీటర్లు దాటుతుంది. గుణకం 0.6తో లెక్కేస్తే 4 మి.మీ. రంధ్రం చాలు. 10 మి.మీ. వాల్వు పెట్టారంటే 20 సెకన్లలోపే ఖాళీ. నీటి ఎత్తు తగ్గేకొద్దీ వేగం కూడా తగ్గుతుంది కనుక మొదట్లో తొందరగా, చివర్లో నెమ్మదిగా దిగుతుంది. సరళరేఖలో దించాలంటే రెండు రంధ్రాలు పెట్టి, సగం దూరంలో రెండోదాన్ని తెరవండి.

ఆ 6 లీటర్లను బయటికి వదలకండి. 6 కిలోలు 50 జి దగ్గర 300 కిలోల బరువు లాగినట్టు. చేయి అవతలి వైపు అంత అసమతుల్యం పడుతుంది. అదే పెట్టె మీద ఒక తొట్టి కట్టి అందులోకే పంపండి. సొలెనాయిడ్ వాల్వు ప్లంజరు కదిలే దిశ వ్యాసార్ధం వెంబడి ఉండకూడదు. ప్లంజరు బరువు 50 రెట్లై స్ప్రింగును నొక్కేస్తుంది, వాల్వు తనంతట తానే తెరుచుకోవచ్చు, లేదా మూసుకోకపోవచ్చు. అడ్డంగా బిగించండి.

తడపడానికి: పొడి మట్టి వేసి, ముందు కార్బన్ డయాక్సైడ్ అడుగు నుంచి నెమ్మదిగా పంపి గాలిని తరిమేయండి. తర్వాత పెట్టెలో శూన్యం లాగి, గాలి తీసిన నీటిని అడుగు నుంచే పైకి ఎక్కించండి. ఊట పైకి తోసే గ్రేడియంట్ క్లిష్ట విలువకు (గింజలు తేలిపోయే గ్రేడియంట్) బాగా తక్కువగా ఉండాలి, లేకపోతే పొరలు చీలి దారులు పడతాయి. సెన్సర్ల ముందుండే సన్న రంధ్రాల రాళ్లను విడిగా శూన్యంలో నీటిలో ముంచి ఉంచి, నీళ్ల కిందే అమర్చండి. ఒక్క బుడగ చిక్కుకున్నా 104 సెకన్ల దింపుడులో సెన్సర్ ఆలస్యంగా స్పందిస్తుంది.

గోడల వెంట జారే ఊటను ఆపడానికి గోడకు గ్రీజు పూసి పైన ఇసుక అద్దండి. గది వేడెక్కడం కూడా గమనించండి. 20 నుంచి 30 డిగ్రీలకు పోతే నీటి చిక్కదనం ఐదో వంతు తగ్గి ఊట పాతిక శాతం పెరుగుతుంది. పెట్టెలో ఒక థర్మోకపుల్ ఉంచండి.

గింజరాయి:
ఫిల్టర్ ప్రశ్నకు నేరుగా సమాధానం: ఈ నమూనాలో వద్దు. యంత్రం కట్టను 50 రెట్లు కుదించింది గానీ గింజను కుదించలేదు. 1 మీటరు ఫిల్టర్ ఇక్కడ 20 మి.మీ. మీ ఫిల్టర్‌లో 5 నుంచి 10 మి.మీ. గులకలు ఉంటే, మందం మొత్తం మీద రెండు నుంచి నాలుగు గింజలు. అసలు కట్టలో నూరు నుంచి రెండు నూర్లు ఉంటాయి. ఫిల్టర్ డి15ను కట్ట మట్టి డి85తో (15, 85 శాతం గింజలు ఇంతకంటే సన్నం అనే పరిమాణాలు) భాగిస్తే 4 లేదా 5కు లోపు ఉండాలనే నియమం రెండు చోట్లా ఒకటే, ఎందుకంటే అది గింజల నిష్పత్తి. కానీ సన్నటి రేణువు ఎంత లోతు దిగి ఎక్కడ ఇరుక్కుంటుందన్నది మందంతో ముడిపడిన విషయం.

దీనికి 1 జి దగ్గర గ్రేడియంట్ రేషియో పరీక్ష సరిపోతుంది. నిలువు గొట్టంలో మట్టి, దాని కింద ఫిల్టర్, మధ్య మధ్య నీటి ఒత్తిడి చూపే మానోమీటర్ కుళాయిలు. ఫిల్టర్‌కు ఆనుకున్న పొర గ్రేడియంట్, పై పొర గ్రేడియంట్ నిష్పత్తి 1 కంటే బాగా పెరిగితే పూడుకుంటోందని అర్థం.

చక్రం150:
ఒక్క సవరణ. ఇసుక బుగ్గలు (దిగువన ఊట ఇసుకను పైకి చిమ్మే చోట్లు) ఎప్పుడు మొదలవుతాయన్నది సెంట్రిఫ్యూజ్‌లో చూడొచ్చు. క్లిష్ట గ్రేడియంట్ సుమారు 1 దగ్గరే ఉంటుంది, జితో మారదు, ఎందుకంటే ఊట తోపు, మునిగిన గింజ బరువు రెండూ ఎన్ రెట్లే.

గింజరాయి:
మొదలు వరకు సరే. తర్వాత ఊట గింజలను కొట్టుకుపోతూ ఎగువ వైపు వెనక్కి పాకే సొరంగం లోతు కొన్ని గింజలే. మీ మట్టిలో అది అర మి.మీ., అసలు కొలతలో 25 మి.మీ. సొరంగమని చదవాల్సి వస్తుంది, అంటే 7.5 మి.మీ. గింజల కట్టలో నడిచినట్టు. అది ఎంతసేపట్లో ఎగువకు చేరిందన్న కాలాన్ని ఎన్²తో గుణించి గండి పడే సమయమని మాత్రం రాయకండి.

అనుమానం ఉంటే ఇదే కట్టను 70 జి దగ్గర 100 మి.మీ. నమూనాతో మళ్లీ చేయండి. ఊటగీత, పోర్ ప్రెషర్ రెండు నమూనాల్లోనూ ఒకే అసలు విలువ ఇస్తే, కొలతల మార్పిడి సరిగ్గా ఉన్నట్టే. సొరంగం కాలాలు కలవకపోతే అది గింజ వల్లే అని ముందు అనుమానించండి.

కట్టమట్టి:
అర్థమైంది. ఫిల్టర్‌ను 1 జి గొట్టంలోకి తీసేస్తున్నాం. పెట్టెలో డ్రెయిన్ దగ్గర 1 మి.మీ. ఇసుకే పెట్టి, దించే రంధ్రం 4 మి.మీ.తో మొదలుపెడతాం.