ఓడల కంపెనీల లాయర్లు ప్రభుత్వానికి రాసిచ్చే క్లాజులు: దాచాలా, బయటపెట్టాలా?

కెరటం:

ఓడల కంపెనీల తరఫున ప్రభుత్వంతో మాట్లాడే లాయర్ల గురించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఆరేళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని.

మారిటైమ్ లాయర్, అంటే ఓడల కేసులు చూసే లాయర్ అనగానే ఓడ అరెస్టు (బాకీ కోసం కోర్టు ఓడను ఆపేయడం), పాడైన సరుకుకు క్లెయిము, చార్టర్ (ఓడ అద్దె) తగాదా గుర్తొస్తాయి. అవన్నీ కోర్టు పనులు. మా సెక్షన్ కోర్టు గడప తొక్కదు. కొత్త రూల్ రాబోతోందని తెలియగానే అది క్లయింటు మీద ఎంత ఖర్చు వేస్తుందో లెక్క కడతాం. సంబంధిత అధికారులను కలుస్తాం. రూల్‌లో ఏ మాట ఎలా ఉండాలో రాసిస్తాం. మీటింగ్‌లో మాట్లాడేది పది, పదిహేను నిమిషాలు. అసలు పనంతా ఆ కాగితంలోనే ఉంటుంది.

ఒకసారి ముసాయిదాలో "నౌక ఈ పరికరాన్ని తప్పనిసరిగా అమర్చుకోవాలి" అని ఉంది. "తప్పనిసరిగా" కొట్టేసి "సాధ్యమైనంతవరకు" అని రాసిచ్చాను. పాత ఓడల్లో దాన్ని బిగించడానికి నిజంగానే చోటు లేదు, కాబట్టి అబద్ధమేమీ చెప్పలేదు. కొన్ని నెలలకు ముసాయిదా జనం ముందుకొచ్చింది. నా వాక్యం కామాతో సహా అలాగే ఉంది. మొదట సంతోషం వేసింది. ఆ పేజీ చదివినవాళ్లంతా ఆ మాట అధికారి సొంతంగా రాశాడనే అనుకుంటారన్న సంగతి మర్నాటికి గానీ తట్టలేదు. పైగా నేను పాత ఓడల కోసం అడిగిన వెసులుబాటు కొత్త ఓడలకు కూడా వర్తించేలా ఉంది. ఎవరి కోసం పెట్టిన మాటో తెలిస్తే ఎవరైనా ఆ ప్రశ్న వేసేవారు.

నేననేది ఇది. క్లయింటుకు మేమిచ్చే సలహా రహస్యంగానే ఉండాలి. కానీ ప్రభుత్వం చేతిలో పెట్టిన వాక్యాన్ని దాచకూడదు. ఏ కంపెనీ కోసం, ఏ తేదీన, ఏ వాక్యం ఇచ్చామో ముసాయిదాతో పాటే బయటికి రావాలి.

ఒక్క మాటలో ఏముందిలే అంటారేమో, ప్లిమ్‌సాల్ గీత కథ చూడండి. ఓడలను మితిమీరి నింపి సముద్రంలోకి పంపే యజమానుల మీద బ్రిటిష్ ఎంపీ శామ్యూల్ ప్లిమ్‌సాల్ ఏళ్ల తరబడి పోరాడాడు. 1876లో చట్టం వచ్చింది. ఎంతవరకు మునగవచ్చో చూపే గీత ప్రతి ఓడ పక్కన ఉండాలన్నారు. ఆ గీత ఎంత ఎత్తులో ఉండాలన్నది మాత్రం యజమానికే వదిలేశారు! చట్టం ప్రకారం గీత ఉన్నట్టే, నావికుడికి మాత్రం రక్షణ లేనట్టే. దాని స్థానాన్ని చట్టంతో నిర్ణయించింది 1890లో. మధ్యలో 14 ఏళ్లు పోయాయి.

వకాల్తా:

కెరటం గారూ, నేను ఈ వృత్తిలో 22 ఏళ్లుగా ఉన్నాను. మీ నిజాయితీని గౌరవిస్తాను గానీ మీ ప్రతిపాదనతో ఏకీభవించను.

రూల్ రాసే అధికారి చాలాసార్లు ఓడ ఎక్కి ఉండడు. అది ఆయన తప్పు కాదు. ఓడ లోపలి సంగతులు కంపెనీ చెప్పాలి, కంపెనీ మాటను చట్టం భాషలో పెట్టడానికి లాయర్ ఉండాలి. ఓడ నిలకడగా ఉండటానికి లోపల నింపుకునే బ్యాలస్ట్ నీటి మీద వచ్చిన అంతర్జాతీయ ఒప్పందమే తీసుకోండి. 2004లో ఆమోదించారు, 2017 సెప్టెంబరు 8న అమల్లోకి వచ్చింది. ఆ నీటిని శుద్ధి చేసే యంత్రాలు నమ్మకంగా పనిచేయడం లేదని, వేలకొద్దీ ఓడలకు ఒకేసారి బిగించడానికి యార్డుల్లో ఖాళీ ఉండదని పరిశ్రమ మొత్తుకుంది. చివరికి 2017 జులైలో ఐక్యరాజ్యసమితి నౌకాయాన సంస్థ ఐఎంవో, అప్పటికే తిరుగుతున్న ఓడలకు శుద్ధి గడువు మొదలయ్యే తేదీని రెండేళ్లు వెనక్కి జరిపింది. ఆ మాటలు చెప్పేవాళ్లే లేకపోతే కాగితం మీద అద్భుతంగా ఉండి సముద్రంలో పనికిరాని రూల్ వచ్చేది.

ఇక రహస్యం సంగతి. క్లాజు చూస్తే చాలు, ఆ కంపెనీ దగ్గర ఎలాంటి ఓడలున్నాయి, ఎక్కడ ఇబ్బంది పడుతోంది, ఏ రూటు మీద కన్నేసింది అన్నది పోటీదారు ఇట్టే పట్టేస్తాడు. అన్నీ బయటపెట్టాలంటే కంపెనీలు మాట్లాడటమే మానేస్తాయి. లేదా కాగితం మానేసి నోటిమాటకు దిగుతాయి. అది ఇంకా ప్రమాదం.

ఇంజిన్‌రూమ్:

నేను సెకండ్ ఇంజనీర్‌ని. లాయర్లు రాసిన మాట చివరికి వచ్చి పడేది మా దగ్గరే.

వకాల్తా గారూ, బ్యాలస్ట్ నీటికి దొరికిన ఆ రెండేళ్ల లెక్కలో కంపెనీ ఖర్చుంది, యార్డు ఖాళీ ఉంది. నీటిలో వచ్చి చేరే జీవుల ఖర్చు ఎవరు లెక్కవేశారు? ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్‌లో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు 1980ల చివర్లో కనబడ్డాయి. అవి వచ్చింది బ్యాలస్ట్ నీటిలోనే. నీళ్ల పైపులు పూడుకుపోతుంటే అక్కడి ఊళ్లు, పవర్ ప్లాంట్లు ఇప్పటికీ డబ్బు పోస్తున్నాయి. ఆ ఊళ్ల తరఫున టేబుల్ దగ్గర లాయర్ కూర్చున్నాడా?

రోజూ నా కళ్లెదుట ఉన్నది చెప్తాను. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దిగాలి. మంచి రూలే. కానీ ఓడల కాలుష్యాన్ని ఆపే అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ ఆరో అనుబంధంలో నాలుగో నిబంధన ఉంది. గాలిలోకి వెళ్లేది అంతే తగ్గితే వేరే పద్ధతైనా ఫర్వాలేదని ఫ్లాగ్ దేశం, అంటే ఓడ రిజిస్టరైన దేశం, ఒప్పుకోవచ్చు. పొగను కడిగే యంత్రం స్క్రబ్బర్ వచ్చింది ఆ దారిలోనే. ఓపెన్ లూప్ స్క్రబ్బర్‌లో పాత చవక నూనెనే కాలుస్తాం. పొగ మీద సముద్రపు నీళ్లు చల్లుతాం. గంధకం ఆ నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు మళ్లీ సముద్రంలోకే పోతాయి. ప్యానెల్ మీద నీటి ఆమ్లత చూపే పీహెచ్ అంకె చూసుకుంటూ ఆ వాల్వు దగ్గర నిలబడేది నేను. పొగ గొట్టం శుభ్రంగా ఉంటుంది. కింద ఓవర్‌బోర్డ్ పైపు దగ్గర నీళ్లు మసిరంగులో కనబడతాయి. సింగపూర్‌తో సహా చాలా రేవులు తమ నీళ్లలో దీన్ని ఆపేశాయి. రేవు దాటగానే మళ్లీ తెరుస్తాం.

వకాల్తా:

అదే నిబంధన, పర్యావరణానికి హాని కలగకుండా చూడాలని కూడా చెబుతోంది. ఆ నీటికి ఐఎంవో మార్గదర్శకాలు వేరే ఉన్నాయి. అది కూడా చెప్పాలి కదండీ.

ఇంజిన్‌రూమ్:

ఉంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడున్న మాట చదవండి. హాని కలగకుండా "ప్రయత్నించాలి" అని ఉంది. గంధకం శాతం దగ్గర "ప్రయత్నించాలి" అని ఎందుకు లేదు? అక్కడ అంకె ఉంది, తప్పితే ఫైన్ ఉంది. నీటి దగ్గరికొచ్చేసరికి ప్రయత్నం చాలు. కెరటం గారు చెప్పిన "సాధ్యమైనంతవరకు" కూడా ఇలాంటిదే.

పాతఫైలు:

నేను ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. టేబుల్‌కి అవతలివైపు కూర్చున్నవాణ్ణి. ఉన్న మాట చెప్పాలంటే, లాయర్లు తెచ్చిన కాగితం చూస్తే మాకు ప్రాణం లేచొచ్చేది. మా సెక్షన్‌లో ఇద్దరమే. వారంలో నోట్ పెట్టాలి. ఎదురుగా శుభ్రంగా టైపు చేసి, నంబర్లు వేసి, ఏ కన్వెన్షన్‌లో ఏ నిబంధనకు సరిపోతుందో చూపిస్తూ సిద్ధంగా ఉన్న క్లాజు. లంచం లేదు, భోజనం కూడా లేదు. మా తీరికలేనితనం చాలు. దాన్ని కాపీ చేసి పెట్టేసేవాళ్లం. కాగితం మీద లాయర్ సంస్థ పేరు ఉండేది, ఫైలులోకి ఎక్కేటప్పుడు ఆ పేరు రాలేది. నేనూ అలా చేశాను. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

వకాల్తా గారు బయటపెడితే పరిశ్రమ మూగబోతుందంటున్నారు. అలా జరగదు. అమెరికాలో 1946 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు చాలా రూళ్ల ముసాయిదా ప్రకటించి అభిప్రాయాలు తీసుకోవాలి. ఆ అభిప్రాయాలు ఎవరైనా చదవచ్చు. ఓడల కంపెనీలు, వాళ్ల లాయర్లు అక్కడ పేజీలకు పేజీలు పేరు పెట్టి మరీ రాస్తున్నారు. డబ్బు తీసుకుని ప్రభుత్వ నిర్ణయాలను మార్చడానికి మాట్లాడే లాబీయింగ్‌ను వెల్లడి చేయాలన్న చట్టం కూడా అక్కడ 1995 నాటిది ఉంది. క్లయింటు పేరు, ఏ విషయం మీద, ఎంత డబ్బుకు అన్నది చెప్పాలి. యూరోపియన్ కమిషన్ 2014 డిసెంబరు నుంచి తన కమిషనర్లు ఎవరెవరిని కలిశారో ప్రకటిస్తోంది. పరిశ్రమ ఎక్కడా నోరు మూసుకోలేదు.

లోటు ఎక్కడంటే, ముసాయిదా పుట్టకముందు. అభిప్రాయాలు అడిగేసరికి మాటలు ఖాయమైపోయి ఉంటాయి. అమెరికా లాబీయింగ్ రిజిస్టర్‌లో కూడా ఏ ప్రభుత్వ సంస్థతో మాట్లాడారో ఉంటుంది గానీ, ఏ కాగితం ఇచ్చారో ఉండదు. కెరటం గారు అడుగుతున్నది సరిగ్గా ఆ కాగితమే.

కొత్తపాఠకురాలు:

చిన్న సందేహం. లాయర్‌కి, క్లయింటుకి మధ్య జరిగిన మాటలు కోర్టు కూడా అడగకూడదంటారు కదా. మరి ఇదెలా కుదురుతుంది?

కెరటం:

మంచి ప్రశ్న అండీ. ఆ రక్షణ న్యాయ సలహాకు. క్లయింటు తన తప్పు కూడా భయం లేకుండా లాయర్‌కు చెప్పుకోవాలి, దానికోసం పెట్టింది. లాయర్ లాబీయింగ్ చేస్తే ఆ పనికి ఈ రక్షణ దానంతటదే రాదని అమెరికా కోర్టులు చాలాసార్లు అన్నాయి. అలాంటప్పుడు మూడో మనిషికి, అంటే ప్రభుత్వానికి, మనమే చేతికిచ్చిన కాగితం ఎలా రహస్యమవుతుంది? కొన్ని కంపెనీలు లాబీయింగ్ సంస్థను వదిలి లాయర్ దగ్గరికి రావడానికి ఈ ముసుగు ఆశ కూడా ఒక కారణం. ఈ మాట అనడానికి నాకు కష్టంగా ఉంది, కానీ క్లయింటు నోటితో విన్నాను.

ఇంకో విషయం కూడా మనసులో పెట్టుకోవాలి. ఓడల చట్టంలో ఒకసారి పడ్డ వాక్యం ఓ పట్టాన పోదు. అమెరికాలో 1851 నాటి చట్టం ప్రకారం, ఓడ యజమానికి తెలిసి జరిగిన తప్పు కాకపోతే, నష్టపరిహారాన్ని ప్రమాదం తర్వాత ఓడకు మిగిలిన విలువ, ఆ ప్రయాణానికి రావాల్సిన కిరాయి వరకే పరిమితం చేయమని అడగవచ్చు. ఓడల్లో పెట్టుబడి పెరగాలని తెచ్చిన చట్టం అది. 2024 మార్చి 26న డాలి అనే కంటైనర్ ఓడ బాల్టిమోర్ వంతెనను ఢీకొట్టింది. రాత్రిపూట రోడ్డు గుంతలు పూడుస్తున్న ఆరుగురు చనిపోయారు. వారం తిరక్కుండానే ఓడ తరఫు లాయర్లు అదే చట్టం కింద బాధ్యతను సుమారు 4.37 కోట్ల డాలర్లకు కుదించాలని పిటిషన్ వేశారు. లాయర్లను తప్పుపట్టను, చట్టంలో ఉన్నదే అడిగారు. అప్పటికి 173 ఏళ్ల క్రితం రాసిన వాక్యం వాళ్ల చేతిలో ఉంది, అంతే.

వకాల్తా:

పరిశ్రమ లాయర్లంటే ఎప్పుడూ యజమాని జేబు కోసమే అన్నట్టు చర్చ నడుస్తోంది. ఒక్కటి చెప్పి ఆగుతాను. 2020 చివర్లో సుమారు 4 లక్షల మంది నావికులు కాంట్రాక్టు అయిపోయినా ఓడల మీదే చిక్కుకుపోయారు. కోవిడ్ వల్ల రేవులు దిగనివ్వలేదు, విమానాలు లేవు. ఆ ఏడాది నేను చేసిన పనల్లా ప్రభుత్వాలకు రాయడమే. నావికులను అత్యవసర సిబ్బందిగా గుర్తించండి, వీసా నిబంధన ఇలా సడలించండి, ఇదిగో ఆర్డర్ డ్రాఫ్టు అని. యజమానుల సంఘాలు, నావికుల యూనియన్లు ఒకే మాట మీద నిలబడ్డాయి. ఆ డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ కూడా అదే కోరుతూ తీర్మానం చేసింది. ఆ పని నా వృత్తి జీవితంలో నాకు అన్నిటికంటే విలువైనది.

ఇంజిన్‌రూమ్:

అప్పుడు నేను ఓడ మీదే ఉన్నాను. ఆరు నెలలకని ఎక్కి పదమూడో నెలలో దిగాను. మెస్‌లో గోడ మీద రోజులు గీసుకునేవాళ్లం, ఎనిమిదో నెలలో ఆపేశాం. కొత్త మనుషులు వచ్చిన రోజు డెక్ సిబ్బంది పెద్ద, బోసన్, ఓడ దిగే మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఎక్కడో ఎవరో మా కోసం కాగితాలు రాస్తున్నారని కెప్టెన్ చెబుతుండేవాడు. అందులో మీరూ ఉన్నారన్నమాట. థాంక్యూ సర్. ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను.

కెరటం:

వకాల్తా గారూ, ఆ ఉత్తరాలను ఆ ఏడాది మీరు దాచారా?

వకాల్తా:

లేదు. పత్రికలకు కూడా ఇచ్చాం. ఎంతమంది చదివితే అంత మంచిదనుకున్నాం.

ఈ ప్రశ్న ఎక్కడికి వెళ్తోందో అర్థమైంది. సరే, కొంతవరకు వస్తాను. క్లాజు పాఠం, క్లయింటు పేరు, తేదీ వరకైతే నాకు అభ్యంతరం లేదు. దానికి జోడించే వివరాలు, అంటే ఏ ఓడ ఎక్కడుంది, దొంగల భయమున్న నీళ్లలో సాయుధ గార్డులు ఎవరెవరి మీద ఉన్నారు, చార్టర్ రేటు ఎంత, ఇవి మాత్రం బయటికి రాకూడదు. మనుషుల ప్రాణాలతో పని. అలాగే కాగితం వెల్లడి రూల్ అమల్లోకి వచ్చాకే జరగాలి. ముందే పెడితే ప్రతి వాక్యం మీదా యుద్ధమే.

కెరటం:

గార్డులు, రేట్లు, ఓడ ఎక్కడుందన్నది బయటికి రాకూడదన్నదానికి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. రెండోదానికి ఒప్పుకోలేను. రూల్ అమల్లోకి వచ్చాక చూపిస్తే, అభిప్రాయం చెప్పే గడువు అప్పటికే అయిపోయి ఉంటుంది. "సాధ్యమైనంతవరకు" అన్న మాట పాత ఓడల కోసం అడిగిందని ఆ గడువులోనే తెలిసి ఉంటే, కొత్త ఓడలకు వర్తించదని ఇంకో వాక్యం చేర్పించడానికి ఒక్క ఉత్తరం సరిపోయేది.

వకాల్తా:

ఆ గడువులో యుద్ధం జరుగుతుందనే నా భయం. ఈ ఒక్క విషయంలో మనం కలవం.

పాతఫైలు:

గడువులో జరిగేది యుద్ధమే అనుకోండి, అది చూసుకోవాల్సింది మాలాంటి వాళ్లం. జీతం ఇచ్చింది దానికే. మీ కాగితం మీది పేరు ఫైలులోకి ఎక్కేటప్పుడు రాలిపోకుండా ఉంటే చాలు.