హర్డిల్స్ బాగా పరిగెత్తే పిల్లని హెప్టాథ్లాన్‌కి మార్చొచ్చా?

తిరుపతి నాన్న
మా పాప ఈ ఏడాదే ఇంటర్‌లో చేరింది. వంద మీటర్ల హర్డిల్స్, లాంగ్ జంప్ చేస్తుంది. జిల్లా పోటీల్లో రెండుసార్లు మెడల్ తెచ్చింది. ఇప్పుడు వాళ్ళ సార్ హెప్టాథ్లాన్‌లో వేద్దామంటున్నారు, అంటే రెండు రోజుల్లో ఏడు ఈవెంట్లు. మొదటి రోజు హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు. రెండో రోజు లాంగ్ జంప్, జావెలిన్, 800 మీటర్లు. మా ఆవిడ ససేమిరా అంటోంది. వచ్చిన ఒక్కటీ సరిగ్గా చేసుకోనీ, ఏడు నెత్తిన పెడితే పిల్ల ఏమైపోతుందని రోజూ గొడవ. పాపకు మాత్రం చేయాలనే ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

చిత్తూరు పాత రన్నర్
అన్నా, వద్దు. మా చెల్లెలి విషయంలో చూశాను కాబట్టి చెప్తున్నా. 200 మీటర్లు చక్కగా పరిగెత్తేది. హెప్టాథ్లాన్‌లో పోటీకి వచ్చేవాళ్ళు తక్కువ, మెడల్ సులువు, సర్టిఫికెట్ ఉంటే సీటుకు పనికొస్తుందని చెప్పి మార్చారు. జావెలిన్ నేర్పే మనిషే లేడు. పోటీకి ఇరవై రోజుల ముందు చేతికిచ్చి విసరమన్నారు. మోచెయ్యి పట్టేసింది. అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి ఆడక మా అమ్మ తినిపించేది. సర్టిఫికెట్ వచ్చింది, పరుగు పోయింది. డిగ్రీ అయ్యాక మళ్ళీ స్పైక్స్ తొడగలేదు.

మన వైజాగ్ జ్యోతి యర్రాజిని చూడండి. వంద మీటర్ల హర్డిల్సే పట్టుకుంది. 2023లో ఆసియా ఛాంపియన్, 2025లో మళ్ళీ ఛాంపియన్. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ ఈవెంట్‌లో నిలబడ్డ మొదటి భారతీయ మహిళ. ఒక్కదాన్నే నమ్ముకుంటే అంత దూరం పోవచ్చు.

పీఈటీ టీచరు
తమ్ముడూ, మీ చెల్లెలికి జరిగింది అన్యాయమే. కానీ అది హెప్టాథ్లాన్ తప్పు కాదు, నేర్పకుండా దింపినవాళ్ళ తప్పు. ఈ రెండూ కలిపేస్తే ఈ పాపకు నష్టం.

ముందు లెక్క చూడండి. ఇందులో ఎవరు ముందొచ్చారని కాదు, ప్రతి ఈవెంట్‌లో వచ్చిన టైముకి, దూరానికి, ఎత్తుకి పాయింట్లు, ఏడూ కలిపి ఎక్కువ వచ్చినవాళ్ళదే గెలుపు. హర్డిల్స్ 13.85 సెకన్లలో పూర్తి చేస్తే సరిగ్గా 1000. 14.2 నుంచి 13.9కి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అంత కష్టపడ్డా పెరిగేది నలభై పాయింట్ల చిల్లరే. అదే జావెలిన్‌లో 30 మీటర్లు వేసే పిల్ల 40కి వెళ్తే దాదాపు 190 పెరుగుతాయి. 800 మీటర్లలో రెండున్నర నిమిషాల నుంచి పది సెకన్లు తగ్గించుకుంటే 130 దాకా. అంటే రానివాటిలోనే పాయింట్లు దాక్కుని ఉంటాయి. హర్డిల్స్, లాంగ్ జంప్ వచ్చిన పిల్లకి కాళ్ళలో వేగం ముందే ఉంది. అది తెచ్చిపెట్టుకోవడం కష్టం. విసరడం నేర్పొచ్చు.

అగసార నందిని మన తెలుగమ్మాయే, తెలంగాణ గురుకులంలో చదివింది, నాన్న టీ అమ్మేవారు. ఆమె కూడా ముందు హర్డిల్స్ పరిగెత్తిన అమ్మాయే. హెప్టాథ్లాన్‌లో 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్యం, 2025లో దక్షిణ కొరియా గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం, 5941 పాయింట్లు. ఒక్క ఈవెంట్ పాడవుతుందన్న భయం ఉంటే అమెరికా హెప్టాథ్లాన్ క్రీడాకారిణి జాకీ జాయ్‌నర్ కెర్సీని చూడండి. 1988 సియోల్‌లో 7291 పాయింట్లతో ఆమె పెట్టిన ప్రపంచ రికార్డు చెక్కుచెదరలేదు. అదే ఒలింపిక్స్‌లో లాంగ్ జంప్ స్వర్ణం కూడా ఆమెదే.

ఇంకొక్క మాట. పద్దెనిమిది లోపు ఆడపిల్లలకి షాట్ 3 కిలోలు, జావెలిన్ 500 గ్రాములు, హర్డిల్ ఎత్తు 76 సెంటీమీటర్లు. పెద్దవాళ్ళలో 4 కిలోలు, 600 గ్రాములు, 84 సెంటీమీటర్లు. నేర్చుకోవాలంటే తేలికగా ఉన్న ఈ రెండేళ్ళలోనే నేర్చుకోవాలి. ఇరవై దాటాక బరువైనవాటితో మొదలుపెడితే అప్పుడు మోచెయ్యికి ప్రమాదం ఎక్కువ.

చిత్తూరు పాత రన్నర్
మేడమ్, లెక్క ఒప్పుకుంటా. కానీ ఎంత కష్టానికి ఎంత పేరు? బెంగాల్ అమ్మాయి స్వప్న బర్మన్ 2018లో జకార్తా ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో 6026 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. రెండు పాదాలకీ ఆరేసి వేళ్ళు, సరిపోయే బూట్లు లేక బాధపడింది, పంటి నొప్పితో చెంపకి పట్టీ వేసుకుని పోటీ చేసింది. తర్వాతి ఆసియా క్రీడల్లో నాలుగే పాయింట్ల తేడాతో కాంస్యం పోయింది. రెండు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని, నాలుగు పాయింట్లు!

డిగ్రీ సెకండియర్, తిరుపతి
నేను ఇప్పుడు హెప్టాథ్లానే చేస్తున్నాను. అంకుల్, పాపని అడగకుండా నిర్ణయం తీసుకోకండి.

ఎలా ఉంటుందో చెప్తాను. మొదటి రోజు 200 అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. రాత్రి కాళ్ళు గోడకి ఆనించి పడుకుంటా, పిక్కలు వాటంతటవే కొట్టుకుంటుంటాయి. పొద్దున లేచి లాంగ్ జంప్. మనకి మూడే ఛాన్సులు. మూడూ ఫౌల్ అయితే సున్నా, ఏడింటి కష్టం మట్టిలో కలిసినట్టే. మొన్న ఏప్రిల్‌లో రెండు ఫౌల్స్ అయ్యాయి. మూడోదానికి మా సార్ నేను పరుగు మొదలుపెట్టే గుర్తుని ఒక అడుగు వెనక్కి జరిపించారు. టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. బోర్డుకి జానెడు ముందే ఎగిరాను, దూరం తగ్గింది, కానీ జెండా తెల్లది లేచింది, ఫౌల్ కాలేదు. అప్పుడు ఏడ్చాను. జావెలిన్‌కి ముందు కాస్త పెరుగన్నం, అంతే, కడుపు నిండా తింటే 800లో చచ్చిపోతాం.

ఆ 800 అయ్యాక అందరం ట్రాక్ మీదే పడిపోతాం. రెండు రోజులు కలిసి తిరిగిన పిల్లలం, ఒకరికొకరు నీళ్ళు పోసుకుంటాం. విడి ఈవెంట్లు చేసినప్పుడు నాకు ఆ స్నేహం దొరకలేదు. జె.జె. శోభ మేడమ్ (సికింద్రాబాద్ రైల్వే) ఏథెన్స్ ఒలింపిక్స్ హెప్టాథ్లాన్‌లో చీలమండ దెబ్బతిన్నా ఏడూ పూర్తి చేశారని మా సార్ చెప్తుంటారు. 2004లో ఆమె చేసిన 6211 మన దేశ రికార్డు.

అలిపిరి వాసి
స్టామినాకి అలిపిరి మెట్లెక్కించండి సార్. 3550 మెట్లు, 800కి అంతకన్నా ప్రాక్టీస్ లేదు.

డిగ్రీ సెకండియర్, తిరుపతి
ఎక్కడం మంచిదే అన్నా, దిగడమే మోకాళ్ళకి దెబ్బ. మేము ఎక్కి, దర్శనానికి కాకుండా వెళ్ళినా దండం పెట్టుకుని, బస్సులో దిగుతాం. వారానికి ఒక్కసారే.

పీఈటీ టీచరు
తిరుపతి నాన్నగారూ, సార్‌ని మూడు అడగండి. జావెలిన్, షాట్ ఎవరు నేర్పుతారు? మొదటి పోటీకి ఎన్ని నెలల టైమిస్తారు? విడిగా హర్డిల్స్ పోటీలకి పంపుతారా? మూడో దానికి ‘లేదు’ అంటే నేనూ అమ్మ పక్షమే.

తిరుపతి నాన్న
అడిగాను. విసరడానికి వేరే సార్ వారానికి రెండు రోజులు వస్తారట. ఏడాది దాకా హెప్టాథ్లాన్ పోటీ లేదు, హర్డిల్స్ మానిపించరు. ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. మోచెయ్యి సంగతి దగ్గర ఆపమని, రెండోసారి చదివించుకుంది. సోమవారం తను కూడా గ్రౌండుకి వస్తుందట, విసరడం నేర్పే సార్‌తో మాట్లాడేదాకా సరే అననంటోంది.